బోయింగ్ 707కి ఫ్యాన్ ఇంజన్లు ఎక్కించిన కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు కూర్చుంటే ఎక్కడో ఒక దగ్గర 707 మాట వస్తుంది, 707 మాట వచ్చిందంటే "అది మామూలు 707నా, బీనా" అనే గొడవ కూడా వచ్చి తీరుతుంది. ఆ "బీ" అనే ఒక్క అక్షరం వెనకున్న సంగతే ఇదంతా. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1959లో దించిన కొత్త జెట్లకి రెండేళ్ళు తిరిగేసరికి ఇంజన్లు మార్చడం మొదలెట్టేసింది, ఎందుకు మార్చింది, ఎలా మార్చింది, పాత ఇంజన్లు ఏం చేసింది అని నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఒక చోట పెడుతున్నా. నేను ఇంజనీర్ని కాదు, ఏళ్ళ తరబడి చదివి బుర్రకెక్కించుకున్నవాణ్ణి, అందుకే లెక్కలు తక్కువ, కబుర్లు ఎక్కువ.

అసలు ఏ విమానాలు, ఏ ఇంజన్లు? ముందు అది చెప్పండి

అమెరికన్ వాళ్ళు 1959 జనవరి 25న న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ మధ్య 707 సర్వీసు మొదలెట్టారు. ఆ విమానం అసలు పేరు 707-123. ఇందులో 1 అంటే మొదటి రకం అని, 23 అంటే బోయింగ్ వాళ్ళు అమెరికన్‌కి ఇచ్చిన కస్టమర్ నంబరు. అది ఇంటిపేరు లాంటిది, విమానం తర్వాత ఎంతమంది చేతులు మారినా ఆ నంబరు పోదు. ఆస్ట్రేలియా వాళ్ళ క్వాంటాస్‌ది 38, మన ఎయిర్ ఇండియాది 37. ఈ 707-123కి ప్రాట్ అండ్ విట్నీ అనే ఇంజన్ల కంపెనీ వాళ్ళ జేటీ3సీ-6 ఇంజన్లు నాలుగు, అచ్చమైన టర్బోజెట్లు (టర్బోజెట్, టర్బోఫ్యాన్ అంటే ఏంటో కింద చెప్తా). 1960 జులైలో దీని చిట్టి తమ్ముడు 720 కూడా వచ్చింది, దానికీ ఆ జాతి ఇంజన్లే.

తర్వాత 1961 మార్చి 12న జేటీ3డీ టర్బోఫ్యాన్లు ఉన్న 707-123బీ, 720-023బీ రెండూ ఒకే రోజు సర్వీసులోకి దిగాయి. ఫ్యాక్టరీ నుంచే బీగా పుట్టినవి కొన్ని, అప్పటికే ఎగురుతున్నవాటిని పిలిపించి మార్చినవి కొన్ని. 720ల్లో మొదటి 10 అలా మార్చినవే. అమెరికన్ వీటికి "ఆస్ట్రోజెట్" అని పేరు పెట్టి విమానం ఒంటి మీద పెద్దక్షరాలతో రాయించుకుంది, అప్పుడంతా అంతరిక్షం మోజు కదా, ఆస్ట్రో అంటే చాలు టికెట్లు తెగేవేమో.

రెండేళ్ళకే ఇంజన్లు మార్చడం ఏంటి, పాతవి పాడయ్యాయా?

పాడవ్వలేదు. జేటీ3సీ మంచి ఇంజనే, మిలిటరీలో జే57 అనే పేరుతో బీ-52 బాంబర్లకీ ఫైటర్లకీ వాడి వాడి ఆరితేరినది. చిక్కు ఎక్కడొచ్చిందంటే దాన్ని పుట్టించింది మిలిటరీ కోసం, వాళ్ళకి రన్‌వే ఎంత పొడుగైనా పర్లేదు, పక్కనున్న కాలనీ వాళ్ళు తిట్టినా పర్లేదు, కిరసనాయిలు బిల్లు ప్రభుత్వం కడుతుంది. అదే ఇంజన్‌ని వంద మందికి పైగా జనాన్ని ఎక్కించుకుని రోజూ తిరిగే విమానానికి తగిలించేసరికి లోపాలన్నీ ఒకేసారి బయటపడ్డాయి.

టేకాఫ్‌కి బలం చాల్లేదు, అదొకటి. ఎండాకాలం మధ్యాహ్నం ఫీనిక్స్ లాంటి ఊళ్ళోనో, సముద్ర మట్టానికి బాగా ఎత్తునున్న డెన్వర్ లాంటి ఊళ్ళోనో గాలి పలచగా ఉంటుంది, ఇంజన్‌కి దొరికే గాలే తక్కువైతే తోపు, అంటే విమానాన్ని ముందుకు నెట్టే బలం, కూడా తగ్గుతుంది, అప్పుడు బరువు తగ్గించుకోవాలి, అంటే జనాన్నో సామాన్నో ఇంధనాన్నో దించేయాలి. రెండోది తాగుడు. మూడోది గోల. న్యూయార్క్ పోర్ట్ అథారిటీ వాళ్ళు జెట్లకి 112 పీఎన్‌డీబీ (చెవికి గోల ఎంత తగులుతుందో కొలిచే లెక్క) అని ఒక హద్దు గీసి అది దాటితే మా ఎయిర్‌పోర్టుకి రావద్దన్నారు. దాంతో బోయింగ్ వాళ్ళు ప్రతి ఇంజన్ వెనకా 21 గొట్టాల సైలెన్సర్ ఒకటి బిగించారు, చూడ్డానికి ఏదో బ్యాండ్ మేళం వాద్యంలా ఉండేది. గోల కొంత తగ్గింది గానీ ఆ గొట్టాల వల్ల తోపు కూడా కొంత తగ్గింది, తాగుడు ఇంకొంచెం పెరిగింది. అసలే బలం చాలని ఇంజన్, దానికి గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇంజన్లో నీళ్ళు పోసేవాళ్ళంట, నిజమేనా?

నిజమే, చాలామంది నమ్మని ముక్క ఇదే. జేటీ3సీ-6 పొడిగా నడిస్తే తోపు సుమారు 11,200 పౌండ్లు, నీళ్ళు కొడితే 13,500 పౌండ్లు. టేకాఫ్ అప్పుడు మాత్రం ఇంజన్లోకి నీళ్ళు స్ప్రే చేస్తారు. మన ఎయిర్ కూలర్ సూత్రమే, నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు వేడి లాక్కుంటాయి, గాలి చల్లబడి చిక్కబడుతుంది, చిక్కటి గాలి ఎక్కువ పడుతుంది కాబట్టి ఎక్కువ ఇంధనం మండించొచ్చు, పైగా ఆ ఆవిరి కూడా వెనక నుంచి పోతూ తన వంతు తోస్తుంది.

చెప్పడానికి బాగానే ఉంది, చేయడమే నరకం. ఏ నీళ్ళు పడితే ఆ నీళ్ళు పనికిరావు, ఖనిజాలన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్ళు కావాలి, లేకపోతే బ్లేడ్ల మీద తెల్లగా పేరుకుపోతుంది. హైదరాబాద్ బోరు నీళ్ళు గీజర్ కాయిల్‌ని ఏం చేస్తాయో మీకు తెలుసుగా, అదే కథ. ప్రతి ఎయిర్‌పోర్టులో ఆ నీళ్ళు రెడీగా పెట్టుకోవాలి, చలికాలం గడ్డకట్టకుండా చూసుకోవాలి, విమానంలో దానికో ట్యాంకు, పంపులు, పైపులు. ఇంత చేస్తే అది పనికొచ్చేది టేకాఫ్ అయ్యేదాకా, కొద్ది నిమిషాలు. ఆ కాసేపూ వెనక నల్లటి పొగ తారు డబ్బా తగలబెట్టినట్టు లేచేది. ఆ రోజుల ఫోటోల్లో 707 పైకి లేస్తుంటే వెనక నాలుగు నల్ల తాళ్ళు వేలాడినట్టు కనపడతాయి చూడండి.

జేటీ3డీ రాగానే ఈ నీళ్ళ గోల మొత్తం పోయింది. నన్నడిగితే ఇంధనం ఆదా కన్నా ఇదే పెద్ద వరం, కానీ పుస్తకాల్లో దీని గురించి ఒక లైను రాసి వదిలేస్తారు.

టర్బోఫ్యాన్ అంటే ఏంటి, టర్బోజెట్‌కి దానికి తేడా ఏంటి?

టర్బోజెట్‌లో ముందు నుంచి వెళ్ళిన గాలంతా ఇంజన్ కడుపులోంచే పోవాలి, నొక్కుడుపడాలి, మంటలో కాలాలి, వెనక నుంచి భయంకరమైన వేగంతో బయటపడాలి. టర్బోఫ్యాన్‌లో ముందు పెద్ద ఫ్యాన్ ఒకటి ఉంటుంది, అది తోసిన గాలిలో కొంత కడుపులోకి వెళ్తుంది, మిగతాది బయట నుంచి చుట్టూ తిరిగి మంట తగలకుండా వెనక్కి పోతుంది. ఆ బయట గాలికీ లోపల గాలికీ ఉన్న నిష్పత్తినే బైపాస్ రేషియో అంటారు. జేటీ3డీకి అది 1.4 దాకా ఉంటుంది, అంటే లోపలికి ఒక కేజీ పోతే బయట నుంచి కేజీంపావు పైనే పోతుంది.

లాభం ఎక్కడంటే, తోపు అనేది గాలి బరువు ఇంటూ వేగం, కానీ దానికయ్యే ఖర్చు వేగం స్క్వేర్ మీద ఆధారపడుతుంది. విమానం నిలబడి ఉన్నప్పటి లెక్క చూస్తే, రెట్టింపు గాలిని సగం వేగంతో తోశారనుకోండి, తోపు అంతే వస్తుంది, ఖర్చయ్యే శక్తి సగమే. కొంచెం గాలిని రాకెట్లా విసిరేకన్నా ఎక్కువ గాలిని నిదానంగా నెట్టడం చవక, అంతే. గోల కూడా బయటపడే గాలి వేగంతో విపరీతంగా పెరుగుతుంది కాబట్టి వేగం తగ్గిస్తే గోలా తగ్గుతుంది. ఒకే మందుకి మూడు రోగాలు కుదిరాయన్నమాట.

పాత ఇంజన్‌నే విప్పి ఫ్యాన్ ఇంజన్ చేశారంటారు, అది ఎలా?

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇది, కొంచెం సాగదీస్తా ఏమనుకోకండి.

జేటీ3సీని పక్క నుంచి కోసి చూస్తే ముందు తొమ్మిది వరసల బ్లేడ్లతో లో ప్రెషర్ కంప్రెసర్ (కంప్రెసర్ అంటే గాలిని నొక్కేది), దాని వెనక ఏడు వరసల హై ప్రెషర్ కంప్రెసర్, తర్వాత ఇంధనం మండే డబ్బాలు, ఆ తర్వాత వేడి గాలి తగిలి తిరిగే టర్బైన్లు, హై ప్రెషర్‌ని తిప్పడానికి ఒక వరస, లో ప్రెషర్‌ని తిప్పడానికి రెండు. ప్రాట్ వాళ్ళు ఏం చేశారంటే, ముందున్న తొమ్మిదిలో మొదటి మూడు వరసలు పీకేసి ఆ చోట పొడుగు బ్లేడ్ల ఫ్యాన్ రెండు వరసలు పెట్టారు. ఆ పొడుగు బ్లేడ్ల లోపలి సగం పాత కంప్రెసర్ చేసే పనే చేస్తుంది, గాలిని నొక్కి లోపలికి పంపుతుంది, బయట సగం బైపాస్ గాలిని తోస్తుంది. ఒకే బ్లేడు, రెండు ఉద్యోగాలు. ఇంత పెద్ద ఫ్యాన్ తిప్పడానికి పాత రెండు వరసల టర్బైన్ చాలదు కాబట్టి వెనక ఇంకో వరస చేర్చి మూడు చేశారు. నడుమ భాగం, అంటే అసలు వేడీ ఒత్తిడీ ఉండే కష్టమైన భాగం, అప్పటికే లక్షల గంటలు తిరిగి నిగ్గు తేలిన భాగం, దాని జోలికి పెద్దగా పోలేదు. ముందు వెడల్పు సుమారు మీటరు ఉన్న ఇంజన్ 53 అంగుళాలకి వచ్చింది, తోపు 17,000 పౌండ్లు అయింది, అదీ చుక్క నీరు కొట్టకుండా. క్రూజ్‌లో, అంటే పైన నిలకడగా ఎగిరేటప్పుడు, ఇంధనం ఖర్చు 10 శాతానికి పైగా తగ్గింది, టేకాఫ్‌లో అయితే పౌండు తోపుకి ఖర్చు మూడో వంతు దాకా తగ్గింది.

దీనివల్ల ఇంకో వెసులుబాటు దొరికింది, ఎయిర్‌లైన్ దగ్గరున్న పాత జేటీ3సీనే షాపులో పెట్టి ముందూ వెనకా భాగాలు మార్చి జేటీ3డీ చేసేయొచ్చు. అలా మార్చినవాటికి వేరే పేరు కూడా ఉంది, జేటీ3సీ-6 నుంచి వచ్చినది జేటీ3డీ-1-ఎంసీ6, 720లకున్న జేటీ3సీ-7 నుంచి వచ్చినది జేటీ3డీ-1-ఎంసీ7. అంబాసిడర్ కారుకి 1990లలో ఇసుజు ఇంజన్ పెట్టినప్పుడు పాత ఇంజన్ పక్కన పారేసి కొత్తది బిగించారు, ఇక్కడ అలా కాదు, పాత ఇంజన్ గుండె అలాగే ఉంచి ఊపిరితిత్తులు పెద్దవి పెట్టారు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యలేదు, అదే తెప్పకి ఇంకో రెండు దుంగలు కట్టుకున్నారు.

ఇంజన్లు మారిస్తే సరిపోయిందా, విమానంలో ఇంకేమీ మార్చలేదా?

చాలా మార్చారు. 720 కోసం బోయింగ్ వాళ్ళు రెక్కలో చేసిన మెరుగులు 123బీకి కూడా తెచ్చారు. బాడీకీ లోపలి ఇంజన్‌కీ మధ్య రెక్క ముందు అంచు మీద ఒక తొడుగు లాంటిది వేసి అక్కడ రెక్కని ఇంకొంచెం వెనక్కి వాలినట్టు చేశారు, దానివల్ల ధ్వని వేగానికి ఇంకాస్త దగ్గరగా వెళ్ళినా ఇబ్బంది పడదు. రెక్క ముందు అంచుకి అదనంగా ఫ్లాపులు పెట్టారు, రన్‌వే తక్కువ పడుతుంది. తోక కింద చిన్న రెక్కముక్క ఒకటి వచ్చింది. ఇక ఇంజన్ చుట్టూ డొప్ప మొత్తం కొత్తది, ల్యాండింగ్ తర్వాత వెనక్కి తోసే రివర్సర్లు కూడా ఫ్యాన్ గాలికి ఒకటి, వేడి గాలికి ఒకటి. నీళ్ళ ట్యాంకు, ఆ 21 గొట్టాలు ఇంటికి.

అందుకే "ఇంజన్ మార్పు" అంటే వినడానికి చిన్నగా ఉంటుంది గానీ బయటకొచ్చిన విమానం నిజంగా వేరే విమానం. పేరు మాత్రం అదే, చివర ఒక అక్షరం.

అందరికన్నా అమెరికనే ఎందుకు అంత తొందరపడింది?

ఇది ఇంజనీరింగ్ కాదు, ఈర్ష్య. కాకపోతే తనమీద తనకే ఈర్ష్య, చెప్తా వినండి.

అమెరికన్ పెద్ద సీ.ఆర్. స్మిత్‌కి వేగం పిచ్చి. 1958లో కాన్వేర్ కంపెనీతో మాట్లాడి 707 కన్నా వేగంగా పోయే జెట్ కావాలని 25 ఆర్డరిచ్చాడు, అదే తర్వాత కాన్వేర్ 990 అయింది. బదులుగా తన దగ్గరున్న పాత డీసీ-7 ప్రొపెల్లర్ విమానాలు 25 వాళ్ళకే అంటగట్టాడు, పాత స్కూటర్ ఎక్స్ఛేంజ్ ఆఫర్ లాగా. ఆ 990కి జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు సీజే805-23 అనే ఫ్యాన్ ఇంజన్ ఇస్తామన్నారు. అందులో తమాషా ఏంటంటే ఫ్యాన్ ముందు కాదు, వెనక ఉంటుంది, వెనకున్న విడి టర్బైన్ బ్లేడ్ల కొసలకే ఫ్యాన్ బ్లేడ్లు అతికి ఉంటాయి, లోపలి సగానికి వేడి గాలి తగిలి తిరుగుతుంటే బయట సగం చల్లగాలిని తోస్తుంది. అప్పటిదాకా టర్బోజెట్ చాలు అని కూర్చున్న ప్రాట్ వాళ్ళకి కాళ్ళ కింద నేల కదిలి జేటీ3డీతో ముందుకొచ్చారు.

ఇప్పుడు అమెరికన్ పరిస్థితి చూడండి. 990 వస్తే దానికి ఫ్యాన్, తన దగ్గరున్న 707లకి లేదు. ఒకే ఎయిర్‌లైన్‌లో ఒకటి కొత్త మోడల్, ఇంకోటి రెండేళ్ళకే పాత మోడల్. పోటీ వాళ్ళు ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఫ్యాన్ జెట్లు తెచ్చుకుంటే ఇంకా నవ్వులపాలు. అందుకే ఉన్నవాటిని మార్చడానికి ముందుపడింది.

చివరికి ఏమైందంటే 990 లేటైంది, 1962 మార్చిలో గానీ సర్వీసులోకి రాలేదు, చెప్పిన వేగం రాలేదు, అమెరికన్ తన ఆర్డర్ 20కి తగ్గించుకుంది, ఆ దశాబ్దం ముగిసేలోపే వదిలించుకుంది కూడా. మొత్తం అన్ని ఎయిర్‌లైన్లకీ కలిపి కాన్వేర్ కట్టింది 37. దాన్ని చూసి భయపడి మార్చిన 707 బీలేమో దాని కన్నా ఏడాది ముందు ఎగిరాయి, దాని తర్వాతా ఎన్నో ఏళ్ళు ఎగిరాయి. నా ఉద్దేశంలో 990 చేసిన అతి పెద్ద మేలు 707ని బాగుచేయించడమే.

మొదటి టర్బోఫ్యాన్ రోల్స్ రాయిస్ కాన్వే కదా, ప్రాట్ అంటారేంటి?

మీరన్నది కరెక్టే. ఎయిర్‌లైన్ సర్వీసులో ముందొచ్చిన బైపాస్ ఇంజన్ కాన్వేనే, 1960లోనే. కాకపోతే దాని బైపాస్ రేషియో 0.3 చుట్టుపక్కల, ఎందుకంటే మొదట దాన్ని రెక్క లోపల ఇమిడిపోయేలా గీశారు, లావుగా చేయడానికి చోటు లేదు. ఫ్యాన్ అని పేరుకే గానీ పలచటి గాలి పొర అంతే.

మరి మన ఎయిర్ ఇండియా కూడా ఇలా మార్చిందా?

అవసరం పడలేదు. జే.ఆర్.డీ. టాటా టైములో ఎయిర్ ఇండియా తీసుకున్న మొదటి 707లు 707-437లు, పుట్టుకతోనే కాన్వే ఇంజన్లు. నీళ్ళ గొడవ లేదు. 1960 మేలో న్యూయార్క్ సర్వీసు వాటితోనే మొదలైంది. మొత్తం ఆరు, అన్నిటికీ హిమాలయ శిఖరాల పేర్లు. అందులో కాంచనజంగ 1966 జనవరి 24న మాంట్ బ్లాంక్ కొండకి తగిలి కూలింది, హోమీ భాభా పోయింది అందులోనే, దానికి ఇంజన్లతో సంబంధం లేదు. తర్వాత ఎయిర్ ఇండియా కొన్న 707-337బీలకి మాత్రం జేటీ3డీలే.

క్వాంటాస్ వాళ్ళు "వి-జెట్" అని రాసుకున్నారు, వి అంటే ఏంటి?

ఇది విని నేను పడీ పడీ నవ్వాను. వి అంటే వాన్నస్, లాటిన్ మాట, అర్థం ధాన్యం తూర్పారబట్టే సాధనం, అంటే మన చేట. ఇంగ్లీషులో ఫ్యాన్ అనే మాట పుట్టింది దాన్నుంచే. కాబట్టి వి-జెట్ అంటే అచ్చ తెలుగులో చేట జెట్. కళ్ళంలో మా నాయనమ్మ చేసిన పనే జేటీ3డీ చేస్తోంది, కాకపోతే నాయనమ్మకి వేతనం లేదు.

క్వాంటాస్ కథ కూడా అమెరికన్ కథకి కవల లాంటిదే. వాళ్ళవి 707-138లు, పసిఫిక్ మీద ఫిజీలోని నాడి నుంచి హొనోలులు లాంటి దూరాలు ఆగకుండా పోవాలి కాబట్టి బాడీని పది అడుగులు కురచ చేయించుకున్నారు. 1959లో వచ్చిన ఏడు టర్బోజెట్లని 1961 నుంచి 138బీలుగా మార్చారు, ఆపైన పుట్టుకతోనే బీలు ఇంకో ఆరు కొన్నారు. ఆ మార్చినవాటిలో ఒకటి, వీహెచ్-ఈబీఏ, "సిటీ ఆఫ్ కాన్‌బెర్రా", ఆస్ట్రేలియాలో రిజిస్టరైన మొట్టమొదటి జెట్ ప్యాసింజర్ విమానం, ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్‌లో సౌతెండ్ ఎయిర్‌పోర్టులో మూలపడి ఉంటే రిటైరైన క్వాంటాస్ మెకానిక్కులు వెళ్ళి బాగుచేసి 2006 డిసెంబర్లో సిడ్నీకి ఎగిరించుకుని తెచ్చుకున్నారు, ఇప్పుడు ఆస్ట్రేలియాలోనే లాంగ్‌రీచ్ అనే ఊళ్ళో మ్యూజియంలో ఉంది. టర్బోజెట్‌గా పుట్టి టర్బోఫ్యాన్‌గా మారిన 707ని కళ్ళారా చూడాలంటే అక్కడికి పోవచ్చు. నేనింకా పోలేదు, టికెట్ డబ్బులు పోగేస్తున్నా.

మిగతా ఎయిర్‌లైన్లు ఎందుకు మార్చుకోలేదు మరి?

ఎవరి లెక్క వాళ్ళది. టీడబ్ల్యూఏ అనే ఇంకో అమెరికా ఎయిర్‌లైన్ తన పాత 707-131లని అలాగే ఉంచి కొత్తగా 131బీలు కొనుక్కుంది. యునైటెడ్ తన 720లని చివరిదాకా జేటీ3సీలతోనే తిప్పింది. మార్చాలంటే విమానం కొన్ని వారాలు షెడ్డులో కూర్చోవాలి, ఆ రోజుల్లో కిరసనాయిలు నీళ్ళకంటే కొంచెం ఖరీదు, అంతే. పది శాతం ఆదా కోసం అంత తలనొప్పి ఎందుకని కొందరు అనుకున్నారు. 1973లో చమురు ధర పేలాక వాళ్ళ ముఖాలు చూడాల్సింది.

707కి పోటీగా డగ్లస్ కంపెనీ చేసిన డీసీ-8లని కూడా కొన్నిటిని జేటీ3డీలతో 50 సిరీస్‌గా మార్చారు. 1980లలో అయితే ఇంకో అడుగు ముందుకేసి 110 పొడుగు డీసీ-8లకి సీఎఫ్ఎం56 అనే ఇంకా కొత్త ఫ్యాన్ ఇంజన్లు తగిలించారు. ఆ కథ విడిగా చెప్పాల్సినంత ఉంది.

707-320బీ కూడా ఇలా మార్చిందేనా?

కాదు. అది 1962లో కొత్తగా వచ్చిన పెద్ద 707, రెక్క కూడా వేరు. బీ అని ఉంది కదా అని కలిపేయకండి, ఇక్కడ చాలామంది బోల్తా పడతారు.

గోల నిజంగా తగ్గిందా?

టేకాఫ్‌లో బాగా తగ్గింది, ఆ ఉరుము లాంటి చీలిపోయే శబ్దం పోయింది, సైలెన్సర్ గొట్టాలు లేకుండానే. కానీ దిగేటప్పుడు కొత్త గోల మొదలైంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముందున్న రెండు వరసల ఫ్యాన్ నుంచి కీచుమని ఒక సన్నటి ఈల వస్తుంది, పిండిమర బెల్టు జారినప్పుడు వచ్చే లాంటిది. రన్‌వేకి దగ్గరుండే వాళ్ళకి ఉరుము పోయి ఈల వచ్చిందన్నమాట. 1985 నుంచి అమెరికాలో శబ్ద నిబంధనలు బిగిసేసరికి హష్ కిట్లు (గోల తగ్గించడానికి ఇంజన్‌కి తగిలించే సామాను) లేని 707లకి అక్కడ చోటు లేకుండా పోయింది.

ఫోటో చూసి ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

ఇంజన్ వెనక చూడండి. గొట్టాల గుత్తి కనపడితే జేటీ3సీ. జేటీ3డీ అయితే ముందు మూడో వంతు లావుగా ఉండి అక్కడ మెట్టులా తెగి, వెనక సన్నటి గొట్టంగా సాగుతుంది, చిన్న పిల్లాడికి పెద్ద కాలర్ చొక్కా తొడిగినట్టు. ఆ మెట్టు దగ్గర నుంచే ఫ్యాన్ గాలి బయటికి పోతుంది. దగ్గరి ఫోటో అయితే ముందు మూతి చుట్టూ చిన్న చిన్న తలుపులు కూడా కనపడతాయి, టేకాఫ్‌లో గాలి చాలనప్పుడు అవి లోపలికి తెరుచుకుంటాయి. ఇంజన్ పైన బుడిపెలా ఉండేదాన్ని చూసి మోసపోకండి, అది క్యాబిన్‌కి గాలి కొట్టే కంప్రెసర్, రెండు రకాలకీ ఉంటుంది, కాకపోతే నాలుగు ఇంజన్లలో కొన్నిటికే.

1962లో అమెరికన్ 707 కూలింది కదా, ఈ మార్పు వల్లేనా?

కాదు. 1962 మార్చి 1న న్యూయార్క్ ఐడిల్‌వైల్డ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి లేచిన ఫ్లైట్ 1 జమైకా బేలో పడింది, 95 మంది పోయారు. అది మార్చిన 123బీనే, అందుకే ఈ అనుమానం. కానీ విచారణలో తేలింది తోకలోని రడ్డర్ (విమానం మూతిని పక్కకి తిప్పేది) కంట్రోల్ గురించి, ఆటోపైలట్ తరఫున దాన్ని కదిలించే మోటారు, అంటే సర్వో, లోపల వైర్లు తయారీలోనే దెబ్బతిని షార్టయి ఉండొచ్చని. ఇంజన్ల పేరు ఎక్కడా రాలేదు.

1.4 బైపాస్ అంటే ఇప్పటి లెక్కలో ఎంత?

చాలా తక్కువ. కొన్ని ఏ320నియోలకున్న ప్రాట్ గేర్డ్ ఫ్యాన్‌ది 12 చుట్టుపక్కల. ఫ్యాన్ వెడల్పు రెండు మీటర్లు పైనే. కానీ సూత్రం అదే, ఎక్కువ గాలి, తక్కువ తొందర.

ఆ ఇంజన్లన్నీ చివరికి ఏమయ్యాయి?

జేటీ3డీలు మిలిటరీవి కూడా కలిపి 8,000 పైనే తయారయ్యాయి. మిలిటరీ పేరు టీఎఫ్33, బీ-52హెచ్ బాంబర్లు ఇన్ని దశాబ్దాలు తిరిగింది వాటి మీదే, ఇప్పుడు వాటికీ రోల్స్ రాయిస్ ఎఫ్130లు పెట్టే పని నడుస్తోంది.

ఎయిర్‌లైన్ల 707ల సంగతి మాత్రం వింతగా తిరిగింది. 1980లలో అవి రిటైరై ఎడారిలో వరసగా నిలబడి ఉంటే అమెరికా వాయుసేన వచ్చి కొనుక్కుంది, విమానాల కోసం కాదు, ఇంజన్ల కోసం. వాళ్ళ దగ్గర అప్పట్లో కేసీ-135ఏ అనే ట్యాంకర్లు ఉండేవి, గాల్లో వేరే విమానాలకి ఇంధనం పోసేవి, వాటికి ఇంజన్ జే57, అంటే మన జేటీ3సీకి తోబుట్టువే, టేకాఫ్‌కి నీళ్ళు కొట్టాల్సిందే, నల్లపొగ రావాల్సిందే. పాత 707ల నుంచి జేటీ3డీలు, వాటి డొప్పలు, ఇంజన్‌ని రెక్కకి వేలాడదీసే పైలాన్లు, ఆఖరికి తోక అడ్డరెక్కలు కూడా విప్పి 150కి పైగా ట్యాంకర్లకి తగిలించి కేసీ-135ఈ అని పేరు పెట్టారు. అమెరికన్ 1961లో చేసిన పనే ఇరవై ఏళ్ళ తర్వాత వాయుసేన సెకండ్ హ్యాండ్ సామానుతో చేసింది. ఆ ఈ మోడల్ ట్యాంకర్లలో చివరిది 2009లో సర్వీసు నుంచి తప్పుకుంది.